మూడడుగుల ఎడంలో జబీనా

పద్మనాభయ్య సారు ఓడిపోతే చాలదు, ఎందుకు ఓడిపోయాడో కూడా ఆయనకు తెలియాలి. పదిహేడేళ్ల వయసులో జబీనా నాతో ఈ మాట అన్నది. కోపంలో ఇలాంటివి అందరూ అంటారు. రెండేళ్లు పోతే అదే మనిషి ఇంటి పెళ్లికి వెళ్లి, కడుపునిండా తిని, తాంబూలం పుచ్చుకుని వస్తారు. జబీనా అలాంటిది కాదు. నాకు కోపం వస్తే అరిచేస్తాను, అరిచాక ఆకలేస్తుంది, తిని పడుకుంటాను. ఆమె అరవదు. కడుపులో పెట్టుకుంటుంది. నెలజీతం తీసుకుని నెట్‌బాల్ ఆడుతున్న మా సముద్రతీరపు పిల్ల అని ఇప్పుడు ఆమె గురించి పేపర్లలో రాస్తున్నారు. క్రమశిక్షణ అనీ, అంకితభావం అనీ ఏవేవో రాస్తున్నారు. అది క్రమశిక్షణ కాదు, కసి. దాని సంగతి నాకు తెలిసినంతగా పేపరువాళ్లకు తెలియదు.

నా పేరు పెంచలమ్మ. మాది ఇందుకూరుపేట పక్కన పల్లె, వరి సాగు. ఇప్పుడు కోవూరులో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు ఆటలు నేర్పుతున్నాను. జబీనా వాళ్లది ఇందుకూరుపేట బజారు. వాళ్ల నాయన దరియావలి దూది ఏకి పరుపులు కుడతాడు. ఇంటి ముందు రేకుల షెడ్డు, షెడ్డు నిండా దూది, ఆయన మీసాల నిండా దూది. ఆ షెడ్డు ముందు నుంచే మేమిద్దరం సైకిళ్లేసుకుని మైపాడు వెళ్లేవాళ్లం, పద్మనాభయ్య సారు దగ్గర ఆట నేర్చుకోవడానికి.

సారుది సొంత అకాడమీ. రొయ్యల గుంటల మధుబాబు తన గుంటల పక్కనున్న ఇసుక దిబ్బను అందుకు వదిలాడు. నెట్‌బాల్ చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, ఆ ఆటలో బంతిని నేలకు కొట్టే పనే లేదు. చేతికొచ్చిన బంతిని మూడు సెకన్లలో ఇంకొకరికి వేసెయ్యాలి, పట్టుకుని నడవకూడదు, ఏ కాలి మీద దిగితే ఆ కాలు అక్కడే ఉండాలి. ఇసుకలో బంతి ఎటూ ఎగరదు కాబట్టి మా సముద్రపొడ్డుకు ఇంతకంటే కుదిరే ఆట లేదు. జట్టుకు ఏడుగురు. అందులో రింగులోకి బంతి వేసే హక్కు ఇద్దరికే ఉంటుంది. మిగిలిన ఐదుగురం ఎంత మొనగత్తెలమైనా దూరంగా నిలబడి చూడాల్సిందే.

జబీనా షూటర్. నేను మధ్యలో ఉండి ఆమెకు బంతి అందించేదాన్ని. మా రింగు ఒక సరుగుడు వాసానికి బిగించి ఉండేది. సముద్రపు గాలికి ఆ వాసం ఊగేది. అవతలికి వంగిన రింగు మళ్లీ ఇవతలికి వచ్చేదాకా ఒక్క క్షణం ఆగి అప్పుడు బంతి వదలాలి. సారు నేర్పిందే అది. "గాలిని పోనీయండి, అప్పుడు వేయండి" అని రోజూ చెవిలో పోరేవాడు. జబీనా ఆ ఒక్క క్షణం ఆగినప్పుడు ముఖంలో ఏ కంగారూ ఉండేది కాదు. బంతి పడ్డాక మాత్రం పళ్లన్నీ కనిపించేలా నవ్వేది. ఆ నవ్వు చూడ్డం కోసం నేను పాసులిచ్చేదాన్ని.

మా జట్టులో ఇంకో షూటర్ కూడా ఉండేది, సాయిలక్ష్మి. మంచి పిల్లే, ఆటా బాగానే ఆడేది. రింగు కిందే ఉండే ప్రధాన షూటర్ ఒక్కరే కాబట్టి, జబీనా ఉన్నంతవరకు ఆమె బయటే కూర్చోవాలి. ఎవరి కూతురని అడుగుతారేమో. మధుబాబు కూతురు.

మేం ఇంటరు రెండో సంవత్సరంలో ఉండగా ఒంగోలులో రాష్ట్ర జట్టుకు సెలక్షన్స్ జరిగాయి. ఒక హాస్టల్లో పై అంతస్తులో మాకు గది ఇచ్చారు. వెనక వైపే గ్రౌండు. పొద్దున నేను ముఖం కడుక్కోవడానికి పోయిన సమయంలో సారు గదికి వచ్చి జబీనాతో అన్నాడట. "మే, మన మ్యాచి మద్యాన్నానికి మారింది. ఈ హాస్టల్లో సామాన్లు పోతా ఉండాయంట. నువ్వు గదిలో కూర్చో, నేను బయట తాళం వేసుకోని పోతాను."

గ్రౌండులో మాకు చెప్పింది వేరు. "ఆ పిల్లకు భయం పట్టుకుంది. రానంటా ఉండాది. బలవంతం చేయబాకండి" అన్నాడు. నేను పిలుచుకొస్తానని కదిలాను. అంతలోనే విజిల్ ఊదారు, నన్ను కోర్టులోకి తోశారు. సాయిలక్ష్మి షూటర్‌గా దిగింది. ఆమె ఎంపికైంది. జబీనా గైర్హాజరు. ఆ జట్టులో చోటు దొరికితే జబీనాకు అక్కడి నుంచి ఆటల కోటాలో చదువు, ఆ తర్వాత ఉద్యోగం. దరియావలి కూతురికి అదొక్కటే దారి అని మా అందరికీ తెలుసు, సారుకు ఇంకా బాగా తెలుసు.

తాళం తీసినప్పుడు నేను పక్కనే ఉన్నాను. జబీనా సామాన్ల మధ్య నిలబడి ఉంది. సారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, తాళం సంగతే మరిచిపోయినాను తల్లీ. నువ్వైనా అరవొద్దా? ఎవురో ఒకరు వచ్చుందురు గదా." ఆమె ఆయన ముఖంలోకి చూసి, తన సంచీ భుజానికి తగిలించుకుంది. బస్సులో నేను అడిగాను, ఎందుకు అరవలేదని. కావలి దాటాక అన్నది, ఇందాక నేను మొదట చెప్పిన మాట.

నిజం చెప్పాలంటే ఆయన మరిచిపోయాడనే నేను సగం నమ్మాను. నలభై మంది పిల్లల్ని వేసుకుని తిరిగే మనిషి మరిచిపోడా అనుకున్నాను. కానీ ఊరికొచ్చాక ఆయన చెప్పిన కథలో తాళం లేదు. పిల్ల భయపడింది, అంతే. బజారంతా అదే మాట. పరుపు కొనడానికొచ్చిన వాళ్లు కూడా షెడ్డు ముందు నిలబడి "భయపడిన పిల్ల ఈమేనా" అని అడిగారు. నాకు ఒళ్లు మండిపోయింది, ఇద్దరు ముగ్గురిని నోటికొచ్చినట్టు తిట్టాను. జబీనా తలెత్తకుండా దబ్బనంతో కుడుతూనే ఉండేది. దరియావలి మాత్రం "చాల్లేమ్మా ఆట, పదిమంది నోట్లో పడింది చాలు" అన్నాడు. ఆయనకు కూతురి మీద కోపం లేదు. జనం మీద ఉంది, కానీ జనం మీద కోపం చూపించే స్తోమత లేదు.

డిగ్రీకి నెల్లూరు పోయాక రెబెక్కమ్మ మేడం దొరకడం వల్ల ఆట మళ్లీ మొదలైంది. ఆమె మా కాలేజీలో ఆటల లెక్చరరు. లావుపాటి మనిషి, గొంతు మాత్రం మైకు అక్కర్లేనిది. జబీనా రింగులో నాలుగు బంతులు వేసేసరికి "నువ్వే నా షూటర్‌వి" అన్నది.

"వద్దు మేడం. నాకు గోల్ కీపర్ ఇవ్వండి" అన్నది జబీనా.

"పిచ్చిదానివా? కీపర్‌కు గోల్ వేసే హక్కే ఉండదు గదా."

"అవతలి షూటర్ యాడ నిలబడితే కీపర్ ఆడ నిలబడాల. మ్యాచి మొత్తం ఆ మనిషిని వదలకూడదు. అంతే గదా మేడం?"

"అంతే."

"నాకు అది చాలు."

మేడంకు అర్థం కాలేదు. నాకు అయ్యింది. సాయిలక్ష్మి అప్పటికే రాష్ట్ర జట్టులో షూటర్, పద్మనాభయ్య ఆ జట్టుకు కోచ్. ఆయన ఆట మొత్తం ఆ పిల్ల చేతుల మీదుగా రింగులోకి పోతుంది. ఆ చేతుల ముందు, రూలు ఒప్పుకున్న మూడడుగుల ఎడంలో, చేతులు పైకెత్తి నిలబడ్డమే జబీనా కోరుకున్న ఉద్యోగం. అందుకోసం ప్రాణం పెట్టుకున్న షూటింగును వదిలేసింది. "నీకు బాధ లేదా మే?" అని ఒకసారి అడిగాను. "ఎందుకు ల్యాదు? దానికీ ఆయనే జవాబు చెప్పాల" అన్నది. ఆ తర్వాత ఆమె పళ్లన్నీ కనిపించేలా నవ్వగా నేను చూడలేదు.

ఆమె సాధన చూసి వాళ్లమ్మ సుల్తాన్‌బీ భయపడేది. జబీనా షెడ్డు దూలానికి ఒక గుడ్డపీలిక కట్టి, దాన్ని అందుకోవడానికి ఎగురుతూనే ఉండేది. అందితే పీలికను ఇంకొంచెం కురచ చేసేది. వంద పరుపులు మోసిన భుజాలు కదా, చేతులెత్తి పట్టుకుంటే దించేది కాదు. విశ్వవిద్యాలయం జట్టు, ఆ తర్వాత చెన్నైలో ఒక కంపెనీ జట్టు. నెలజీతం, హాస్టల్ గది, మూడుపూటలా సాంబారు. మోకాలికి పట్టీ, మడమకు పట్టీ, మ్యాచికి ముందు గోళ్లు పొట్టిగా ఉన్నాయని అంపైర్లకు చూపించడం, మ్యాచి తర్వాత ఐసు బకెట్లో కాళ్లు పెట్టుకోవడం. తమిళం నేర్చుకుంది. దక్షిణాది క్లబ్బుల పోటీల్లో ఆమెను దాటి బంతి వేయాలంటే షూటర్లు దండం పెట్టుకునేవాళ్లు. ఆమె మీద విజిల్ పడడం చాలా తక్కువ. మనిషిని తాకేది కాదు. తాకితే పక్కకు పోయి నిలబడాలి, ఆ కాసేపు షూటర్ స్వేచ్ఛగా వేసుకుంటుంది. అంత సుఖం ఆమె ఎవరికీ ఇవ్వదు.

సెలవు దొరికితే ఇంటికి రాకుండా పద్మనాభయ్య జట్టు ఆడే ఊరికి పోయేది. రింగు వెనకాల జనంలో కూర్చుని సాయిలక్ష్మిని చూసేది. ఒకసారి నాకు ఫోను చేసి అన్నది, గొంతులో మొదటిసారి సంతోషం. "పెంచలా, ఆ పిల్ల ఇంకా గాలి కోసం ఆగతా ఉంది."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఇండోర్ స్టేడియంలో రింగు ఇనప కడ్డీకి ఉంటుంది, కదలదు. అక్కడ గాలీ లేదు, ఊపూ లేదు. అయినా కంగారుపడితే మా మైపాడు పిల్లల ఒళ్లు పాత అలవాటుకే పోతుంది. బంతి ఎత్తుతారు, ఒక్క క్షణం ఆగుతారు, అప్పుడు వదులుతారు. వేరే ఊరి కీపర్‌కు ఆ ఆగడం కనపడదు. ఆ అలవాటును తన ఒంట్లోంచి పీకి పారేయడానికి జబీనాకు ఏడాది పట్టింది కాబట్టి, ఇంకొకరిలో ఉంటే ఇట్టే కనిపెట్టింది.

పోయినేడు బెంగళూరులో ఫైనల్. ఇటు చెన్నై కంపెనీ జట్టు, అటు పద్మనాభయ్య కోచ్‌గా, సాయిలక్ష్మి షూటర్‌గా ఉన్న కోస్తా క్లబ్బు. ఇన్నేళ్లలో జబీనా, సాయిలక్ష్మి ఎదురెదురుగా నిలబడ్డం అదే మొదటిసారి. నేను స్కూలుకు సెలవు పెట్టి రైలెక్కాను. చూడకపోతే చచ్చేలా ఉన్నాను మరి.

మొదటి బంతికే సాయిలక్ష్మి చేతులెత్తింది, ఆగింది. ఆ ఆగిన చోటే జబీనా ఎగిరింది. బంతి వేళ్ల చివర తగిలి పక్కకు పోయింది. రెండో బంతీ అంతే. మూడోసారి సాయిలక్ష్మి ఆగకుండా వేయబోయింది, అలవాటు లేని పని కాబట్టి రింగుకు అడుగు దూరంలో పడింది. తర్వాత మరీ ఎక్కువసేపు ఆగింది, మూడు సెకన్లు దాటాయని అంపైర్ విజిల్ ఊదింది. మూడో క్వార్టరు అయ్యేసరికి ఆ పిల్ల బంతి అందుకోవడానికే జంకుతోంది. పక్కనుంచి పద్మనాభయ్య అరుస్తున్నాడు, "గాలిని పోనీ మే, గాలిని పోనీ" అని. బెంగళూరు జనం ఈ పెద్దాయనకు మతిపోయిందా అన్నట్టు చూస్తున్నారు. నేను ఒక్కదాన్నే నవ్వాను. కడుపు చల్లబడ్డం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

చెన్నై జట్టు గెలిచింది. మ్యాచి అయ్యాక సాయిలక్ష్మి నీళ్ల సీసా పట్టుకుని జబీనా దగ్గరికి వచ్చింది. "నామీద నీకు అంత కోపమెందుకు? ఆ పొద్దు నువ్వు యాడుండావని నేను సారును అడిగినాను. భయపడి రాలేదన్నాడు, నమ్మినాను."

"నీ మీద కాదు సాయీ. ఆయనకూ నాకూ మధ్యలో నువ్వుండావు, అంతే" అన్నది జబీనా. అని, గదికి తాళం వేసిన సంగతి చెప్పింది. సాయిలక్ష్మి సీసా మూత తీస్తూ, బిగిస్తూ అక్కడే నిలబడిపోయింది.

ఇంతటితో కథ అయిపోతే బాగుండేది. ఆ సాయంత్రం టీవీలో పద్మనాభయ్య మెడలో విజిలు వేసుకుని, చిరునవ్వుతో కనిపించాడు. "మమ్మల్ని ఓడించింది కూడా నా శిష్యురాలే. మైపాడు ఇసుకలో నేను చేతులు పట్టి నేర్పించిన బిడ్డ. ఏ గురువుకైనా ఇంతకంటే ఏం కావాల?" అన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. మరునాడు ఊళ్లో అందరి ఫోన్లలో అదే. ఓడిపోయిన మనిషి గెలిచినవాళ్ల కంటే పెద్దవాడైపోయాడు. జబీనా ఇన్నేళ్లు తన ఒంటిని అరగదీసుకుని కూడగట్టుకున్న దెబ్బను ఆయన తీసి శాలువాలా కప్పుకున్నాడు. నేను ఇంటికొచ్చాక మళ్లీ అదే వేస్తుంటే టీవీ మీదికి చెప్పు విసిరాను. టీవీ మా అత్తది, అది వేరే గొడవ.

వారం తిరక్కుండానే ఇందుకూరుపేట గ్రౌండులో సన్మానం ఏర్పాటు చేశారు. సర్పంచి చెంచయ్య అధ్యక్షుడు. శిష్యురాలు గురువుగారికి శాలువా కప్పి పాదాలకు మొక్కుతుంది, అదీ కార్యక్రమం. "పోబాకు మే" అన్నాను నేను. "పోవాల. ఆయన ఎందుకు ఓడిపోయినాడో ఆయనకు ఇంకా తెలీదు" అన్నది.

వేదిక మీద చెంచయ్య, మధుబాబు, మధ్యలో పద్మనాభయ్య. కింద ముందు వరసలో దరియావలి, సుల్తాన్‌బీ, నేను, నా పక్కన సాయిలక్ష్మి. వెనకాల అకాడమీ పిల్లలు, బజారు జనం. పద్మనాభయ్య మైకు తీసుకుని మొదలుపెట్టాడు. "జబీనా మొదటి రోజు నా దగ్గరికి వచ్చినప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల పుట్టు కీపర్. గోడ మాదిరి నిలబెట్టినాను. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా కీపరే."

జబీనా ముఖం చూశాను. నాకు భయమేసింది. ఆయన అబద్ధమాడడం లేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. తన దగ్గర ఆమె షూటర్ అని గుర్తు లేదు, ఒంగోలు గుర్తు లేదు, తాళం గుర్తు లేదు. ఇక్కడ ఒక పిల్ల పదేళ్లకు పైగా నిప్పు మింగి బతికితే, అక్కడ ఆ మనిషి హాయిగా తిని పడుకున్నాడు. మోసం చేసినవాడికి కనీసం గుర్తుంటుందనుకున్నాం మేం.

శాలువా ఆమె చేతికిచ్చారు. దాన్ని కుర్చీ మీద పెట్టి మైకు అందుకుంది. "సార్, మీరు మాకు పొద్దున్నే రూల్స్ చెప్పించేవాళ్లు. మీరు ఒక ముక్క చెప్తే మేం ఒక ముక్క. ఈ రోజు నేను చెప్తాను. నా వెనకాల మీరు చెప్పండి."

జనం నవ్వారు. ఆయనా నవ్వుతూ లేచి, ఇంకో మైకు పట్టుకున్నాడు.

"జబీనా నా దగ్గర షూటర్."

ఆయన తడబడ్డాడు. "షూటరా? ఆఁ... జబీనా నా దగ్గర షూటర్."

"ఒంగోలు సెలక్షన్స్‌లో మ్యాచి మద్యాన్నానికి మారిందని ఆమెకు చెప్పినాను."

నవ్వులు ఆగాయి. ఆయన చెంచయ్య వైపు చూశాడు, మధుబాబు వైపు చూశాడు. మధుబాబు తల వంచుకున్నాడు. "ఇప్పుడెందుకు తల్లీ అవన్నీ, ఎప్పటియో. అంతమంది పిల్లలు, ఏదో జరిగుంటుంది" అన్నాడు పద్మనాభయ్య, మైకు పక్కకు పెట్టి. చెంచయ్య లేచి జబీనా చేతిలో మైకు తీసుకోబోయాడు. నా పక్కన సాయిలక్ష్మి లేచి నిలబడింది.

"చెప్పండి సార్. ఆ పొద్దు ఆడింది నేను. నేను కూడా వినాల" అన్నది.

వెనకనుంచి ఎవరో "చెప్పండి" అన్నారు. ఇంకెవరో అన్నారు. ఆయన గొంతు సవరించుకుని ఆ ముక్క చెప్పాడు.

"గదికి తాళం వేసినాను. పిల్ల భయపడిందని అందరితో చెప్పినాను."

అదీ చెప్పాడు, మెల్లగా. దరియావలి ఊపిరి తీసుకోవడం నాకు వినిపించింది. పద్మనాభయ్య నుదురు తుడుచుకున్నాడు. ముఖంలో సిగ్గు ఉంది, కానీ అది నలుగురిలో ఉన్నాడు కాబట్టి వచ్చిన సిగ్గు. ఎవరో చేసిన తప్పును తన నోటితో చదువుతున్నట్టు ఉన్నాడు. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంత చేసినా ఆయనకు తగల్లేదు.

జబీనా కంఠం పెంచలేదు. "గ్రౌండులో మా జట్టు తయారవడం చూసి ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకోని అరిచింది. నేను కిందనుంచి గ్రౌండుకు పోతా ఉన్నాను. సార్, తలుపు తీయండి అని అరిచింది. నేను ఆగినాను."

ఈ సంగతి నాకు తెలియదు. ఇన్నేళ్లలో నాతో అనలేదు, వాళ్లమ్మతో కూడా అనలేదు. సుల్తాన్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మనాభయ్య మైకు నోటి దగ్గర పెట్టుకుని "నేను ఆగినాను" అన్నాడు.

"తలెత్తి ఆ పిల్లను చూసినాను."

ఆయన నోరు తెరిచాడు. మేమంతా చూస్తుండగానే ఆయన తల మెల్లగా పైకి లేచింది. వేదిక మీద పైన ఏమీ లేదు, షామియానా గుడ్డ తప్ప. ఆయన కళ్లు మాత్రం అక్కడ ఎవరినో చూస్తున్నట్టు నిలిచిపోయాయి. ముఖంలో రక్తం లేదు. మైకు పట్టుకున్న చెయ్యి కిందికి జారిపోయింది.

ఆమె ఆయన ముఖం చూసి, తన మైకు దించింది.

"ఇంక చాలు సార్, కూర్చోండి" అన్నది.